మన బండే

పోయిన వారం మనం సోమమ్మను వాగు ఒడ్డున, దారికి అడ్డంగా కొట్టి పడేసిన చెట్టు ముందు, బండిలో కూర్చోబెట్టి వదిలేసి వచ్చాం. వారం మనకు గడిచింది గానీ ఆమెకు గడవలేదు. ఇంజను ఇంకా గురగురమంటూనే ఉంది. చెట్ల చాటు నుంచి ఒక్కొక్కరే బయటికి వస్తున్న మనుషులు ఇంకా నోరు విప్పలేదు.

కొత్తగా చదివేవాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పుకుందాం. సోమమ్మది సరిహద్దున కొంట దగ్గర తెలుగు పల్లె. సంతలు తిరిగి చింతపండూ ఇప్పపువ్వూ కొని, భద్రాచలం వైపు అమ్ముకునే మనిషి. దారున్న ఊళ్ళలో సరుకుండదు, సరుకున్న ఊళ్ళకు దారుండదు. అద్దె ట్రాక్టరు వాళ్ళను బతిమాలీ బతిమాలీ విసిగిపోయి, చివరికి మొన్న జగదల్‌పూర్‌లో ఒక పాత జీపు కొనేసింది. నాలుగు చక్రాలూ లాగే రకం, ఇసకలో కూడా పాక్కుంటూ పోతుంది. గనుల కాంట్రాక్టరు ఒకాయన వాడి అమ్మేసిన బండి అది. ఆయన అసలు పేరు ఎవరికీ తెలియదు. నల్లద్దాలు తియ్యడు కాబట్టి చష్మా సాబు.

బేరం కుదిర్చిందీ, బండి తోలుకొస్తున్నదీ ఆమె తమ్ముడు కాశయ్య. గని ఊళ్ళలో డంపర్లు తోలీ తోలీ తలవెంట్రుకల దాకా ఎర్రమట్టి పట్టిన మనిషి. గుడి ముందు నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు తొక్కించి, బంపరుకు మిరపకాయల దండ కట్టి, సోమమ్మ ముందు సీట్లో మహారాణిలా కూర్చుంది. ఆడదానికి జీపేమిటని మూతి విరిచిన వాళ్ళందరి ఇళ్ళ ముందూ హారన్ కొట్టించాలని ఆమె ముచ్చట. ముందుగా చింతలనార్ దిక్కు పోయి చింతపండు ఎత్తుకుని మరీ ఇంటికి పోదామంది. కాశయ్య వద్దన్నాడు. రోడ్డు బాగాలేదన్నాడు. "రోడ్డు బాగుంటే ఈ బండి ఎందుకురా నాకు?" అని నోరు మూయించింది.

దారిలో పోలీసు నాకా దగ్గర తుపాకీ పట్టుకున్న జవాను "గాడీ కిస్కీ హై?" అని, బండెవరిదని గద్దించేసరికి మాత్రం మహారాణి కాస్తా సీటు అంచుకు జరిగింది. నాది అంటే సవాలక్ష ప్రశ్నలు. భయంలో నోటికేదొస్తే అది అనేసింది. "హమారే చష్మా సాబ్ కీ గాడీ హై, బాబూ." మన చష్మా సాబు బండే. అంతే! జవాను సలాము కొట్టి అడ్డకర్ర ఎత్తాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదని దారి పొడుగునా తమ్ముడికి నీతులు చెప్పింది సోమమ్మ. ఆ నీతులు ఈ వాగు దగ్గర ఆగిపోయాయి.

వచ్చిన వాళ్ళందరి భుజాల మీదా గొడ్డళ్ళున్నాయి. ఆ అడవిలో గొడ్డలి లేకుండా ఎవరూ ఇల్లు కదలరు, దానికి భయపడక్కర్లేదు. భయమల్లా ఎవరూ మాట్లాడకపోవడమే. ఆడా మగా, ముసలీ ముతకా బండి చుట్టూ నిలబడ్డారు. కాశయ్య అద్దంలోంచి వెనక్కి చూశాడు. వెనక దారి మీదికి కూడా ఒక దుంగ దొర్లించేశారు. అతని చేతులు స్టీరింగుకి అతుక్కుపోయాయి.

నెరిసిన మీసాలాయన ఒకడు కిటికీ దగ్గరికొచ్చాడు. లక్మా. ఆ ఊరి పెద్ద.

"ఎవరి బండి?" అన్నాడు తెలుగులో.

తెలుగు మాట వినేసరికి సోమమ్మకు ప్రాణం లేచొచ్చింది. నాకా దగ్గర కర్ర ఎత్తించిన మాట ఇక్కడ చెట్టు ఎత్తించదా అనుకుంది, పిచ్చిది. పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతూ అనేసింది.

"మన చష్మా సాబు బండే, దాదా!"

కాశయ్య ఆమె మోచెయ్యి పట్టి గుంజాడు. అప్పటికే ఆలస్యమైపోయింది.

లక్మా వెనక్కి తిరిగి ఆ మాటను కోయలో చెప్పాడు. గుంపు రెండుగా చీలి, మధ్యలోంచి ఒక ఆడమనిషి వచ్చింది. బక్కపలచటి మనిషి, ముప్పయ్యేళ్ళుంటాయేమో. ఎవరి మొహమూ చూడకుండా తిన్నగా బండి వెనక్కి పోయింది. వెనక తలుపు మీద అరచెయ్యి పెట్టి, చీకట్లో గొళ్ళెం వెతుక్కున్నట్టు తడిమి, ఒకచోట ఆగింది. గొడ్డలి అంచుతో అక్కడ గీకింది.

సోమమ్మ మెడ సాచి చూసింది. తెల్ల రంగు పెచ్చు లేచింది. దాని కింద లప్పం రాలింది. దాని కింద పచ్చ రంగు. ఆ పచ్చ రంగులో, రేకును చీల్చుకుంటూ, వేలు దూరేంత గాటు.

"ఈమె మాసే," అన్నాడు లక్మా. "ఆ గాటు ఈమె గొడ్డలిదే. పోయిన వానలు మొదలైనప్పుడు పెట్టింది. ఈమె మొగుడు సుక్కాను ఈ బండే తీసుకపోయింది. మళ్ళ తేలే. ఇప్పుడు తెల్ల రంగేసిండ్రు. రంగేస్తే గొంతు మారుతదా? గుట్ట అవతల ఉండంగనే పిల్లలు గుర్తుపట్టిండ్రు."

ముచ్చటపడి కొనుక్కున్న బండి! చక్రాల కింద నిమ్మకాయలు తొక్కిస్తే దిష్టి పోతుంది గానీ, ఇలాంటివి పోతాయా?

"లే దాదా, సాబుది కాదు! నాది. మొన్ననే కొన్న. పైసా పైసా కూడబెట్టి కొన్న."

"ఇందాక సాబుది అన్నవు."

"నోరు జారింది."

"మన సాబు అన్నవు. మన అని అన్నవు. నాకు తెలుగొచ్చు."

"అయ్యో దాదా, మా దిక్కు అట్లనే అంటరు! అందరినీ మన అంటం. మన పోలీసోళ్ళంటం, మన పట్వారీ అంటం. ముక్కూ మొకం తెల్వనోణ్ణి కూడ మనోడే అంటం. నోటికి అలవాటు. అంతకుమించి ఏం లే. నీ కాళ్ళు మొక్కుతా, నమ్ము."

ఏమాటకామాటే చెప్పుకోవాలి, అబద్ధమేం కాదు. తెలుగువాడి నోట్లో ఆ మాట వక్కపలుకులా నానుతూనే ఉంటుంది. వరసలు కలిపేస్తాం, ఊళ్ళు కలిపేస్తాం. ఇచ్చేదీ లేదు, పుచ్చుకునేదీ లేదు. కానీ ఆ మాటను నిజమని నమ్మేవాళ్ళు కూడా లోకంలో ఉంటారని సోమమ్మకు ఆ వాగు ఒడ్డునే తెలిసొచ్చింది.

లక్మా మీసాల కింద ఏదో కదిలింది. నవ్వే అనుకోవాలి.

"చర్ల దిక్కు మిర్చి ఏరనీకి పోయేటోళ్ళం. నేను, సుక్కా, ఊరోళ్ళు శానామంది. తోట ఆసామి రోజూ 'మన లక్మా, మన లక్మా' అంటుండె. నాకు జరమొచ్చి పడిపోయిన నాడు 'ఎవడ్రా వీడు, బయట పండబెట్టుండ్రి' అన్నడు." వెనక్కి తిరిగి అదే కోయలో చెప్పాడు. ఒకరిద్దరు ముసలాళ్ళు తలలూపారు. ఒక ఆడమనిషి ఫక్కుమంది. "నిజమే చెప్తున్నవు. మీ మన అంటే అంతే."

సోమమ్మ రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. ఇన్నేళ్ళ బేరాల్లో ఇంత చవకగా ఎప్పుడూ బయటపడలేదనుకుంది. జాకెట్టు వీపుకి అతుక్కుపోయి ఉంది.

కానీ మాసే నవ్వలేదు. బండి చుట్టూ తిరిగి ముందుకొచ్చి, కోయలో నెమ్మదిగా మాట్లాడటం మొదలుపెట్టింది. లక్మా ఒక్కో మాటా తెలుగులో చెప్పాడు.

"బండి ఎవరిదైనా ఈమెకు పని లేదంట. తోలినోడు కావాలంట."

"తోలినోడా?"

"గని కోసం గుట్ట మీద సర్వే చేసి ఎర్ర జెండాలు పాతిండ్రు. సుక్కా పీకి పారేసిండు. అందుకు సాబు మనుషులు వచ్చిండ్రు. నలుగురు పట్టుకున్నరు, ఒకడు తోలిండు. ఇదే వాగు. బండి ఇసకల కూరుకుంది. మాసే ఉరికి గొడ్డలేసింది, అదే ఆ గాటు. ఇంకొంచెం సేపు ఆగితే ఊరంతా వస్తుండె. సుక్కా దొరుకుతుండె." లక్మా ఆగి, మాసే చెప్పేది విని, మళ్ళీ అందుకున్నాడు. "అప్పుడు తోలెటోడు దిగిండు. ముందు చక్రాల నడిమి మూతల్ని జాడీ మూత తిప్పినట్టు తిప్పిండు. ఎక్కిండు. లోపల ఒక రాడ్డుంటదంట, దాన్ని ఎడమ కాలి మడమతోని రెండు తన్నులు తన్నిండు. బండి పులి లెక్క లేచి వాగు దాటింది."

ఆ తన్నులు సోమమ్మ కూడా చూసింది.

నిన్న సుక్మా దాటాక, వంతెన కడుతున్నచోట బండి బురదలో దిగబడింది. కాశయ్య చులాగ్గా కిందికి దూకి, ముందు చక్రాలు కూడా లాగేలా వాటి మూతలు తిప్పాడు. ఎక్కి, సీట్ల మధ్యనున్న చిన్న రాడ్డును చూడనైనా చూడకుండా మడమతో టక్ టక్ మని తన్నాడు. మొదటి తన్నుకు కదలదనీ రెండో తన్నుకు పడుతుందనీ ముందే తెలిసినవాడిలా. "అబ్బో, నిన్న కొన్న బండి గుణం నీకెట్ల తెలిసిందిరా?" అని ఆమె పడీ పడీ నవ్వింది. "జీపులన్నీ ఒకటేలే అక్కా," అన్నాడు. ఇంకోటి కూడా ఇప్పుడు గుర్తొచ్చింది. ఆ యార్డులో అమ్మకానికి మరికొన్ని బళ్ళున్నా వాడు తిన్నగా దీని దగ్గరికే పోయాడు.

"తోలినోడి మొకం చూసిందా?" అని అడిగింది సోమమ్మ.

"లే. తువ్వాల చుట్టుకున్నడు. కాలు చూసింది."

సోమమ్మ పక్కకు తిరిగి తమ్ముణ్ణి చూడబోయి ఆగిపోయింది. చూస్తే మాసే కూడా చూస్తుంది. ఇప్పటిదాకా ఆమె భయమంతా బండి బయటున్న వాళ్ళను చూసే. ఇప్పుడు పక్క సీట్లో కూర్చున్నవాణ్ణి తలుచుకుని. ఎత్తుకుని పెంచిన తమ్ముడు! వాడి చెమట వాసన తెలుసు, వాడి అబద్ధం రంగు తెలుసు. ఇది మాత్రం తెలియలేదు.

"సరే," అన్నాడు లక్మా. "నీది అంటున్నవు గద, తీసుకపో. ఈ బండి ఊర్ల ఉండొద్దు. చెట్టు తీపిస్త. వాగు దాటి అటే పోండి, మళ్ళ ఇటు రావొద్దు. దాటేదాక మాసే ఇక్కడనే నిలబడి చూస్తదంట."

అందులో ఉన్న మెలిక సోమమ్మకు వెంటనే తలకెక్కింది. ఎదురుగా వాగు. నీళ్ళు చీలమండల లోతే గానీ కిందంతా మెత్తటి ఇసక. ఆ మూతలు తిప్పకుండా, ఆ తన్నులు తన్నకుండా ఈ బండి దాటదు. తన్నితే కాశయ్య దొరికిపోతాడు. తన్నకపోతే బండి కూరుకుపోతుంది, వెనక దుంగ, ముందు వాగు, చుట్టూ ఊరు. ఎటు చూసినా వాడి ప్రాణమే పణం.

లక్మా మనుషుల్ని తీసుకుని చెట్టు దగ్గరికి పోయాడు. తెలుగు తెలిసినవాడు దూరంగా పోయాడు కదా అనుకుంది సోమమ్మ. ముందు చక్రం దగ్గర మాసే నిలబడే ఉంది, బండ మీద చెక్కిన మొహంలా ఏ కదలికా లేకుండా. కోయ మనిషి, దీనికేం అర్థమవుతుందిలే అనుకుని పెదాలు కదిలీ కదలకుండా అడిగింది.

"నువ్వేనారా?"

కాశయ్య తల అవతలికి తిప్పుకున్నాడు.

"నీ అక్కను అడుగుతున్న. నువ్వేనా?"

"తోలిన. అంతే అక్కా. నేను చెయ్యెయ్యలే. తోలు అన్నరు, తోలిన. తోలకపోతే నన్ను కూడ..."

"ఓరి నీ కడుపు కాలా! ఎక్కడ దింపిండ్రు వాణ్ణి?"

"అడగకు."

"బతికుండెనా?"

"నేను చూసినప్పుడు బతికే ఉన్నడు. ఆ తర్వాత నన్ను పొమ్మన్నరు." కాశయ్య ఎక్కిళ్ళు మింగుకున్నాడు. "వేరేవాళ్ళు కొంటే ఎవడో ఒకడు ఇటే తోలుకొస్తడు, వీళ్ళు గుర్తుపడతరు, కూపీ లాగితే నా దాకా వస్తది. మనింట్ల పడి ఉంటే ఎవరికీ తెల్వదనుకున్న. ఇటొద్దని చెప్పిన గద అక్కా నీకు! ఇటొద్దన్న గద!"

అవును, అన్నాడు. రోడ్డు బాగాలేదన్నాడు.

సోమమ్మకు వాణ్ణి చాచి కొట్టాలనిపించింది. గట్టిగా పట్టుకుని ఏడవాలనీ అనిపించింది. సుక్కాకూ ఒక అక్క ఉండే ఉంటుంది. ఆ ఆలోచన రాగానే చప్పున పక్కకు నెట్టేసింది, ఇప్పుడు దానికి చోటిస్తే చేతులు పనిచెయ్యవు. ముందు వీడు బతకాలి. బతికాక వీడి చెవి మెలేసి, ఆ సుక్కాను ఎక్కడ దింపారో కక్కించి, ఈ మాసే కాళ్ళ ముందే పడేస్తుంది. బతికాక.

చెట్టు పక్కకు జరిగింది. లక్మా చెయ్యి ఊపాడు.

కాశయ్య ఎడమ కాలు దానంతటదే రాడ్డు వైపు జరిగింది. అలవాటు! సోమమ్మ ఆ కాలి మీద తన పాదం వేసి తొక్కి పట్టింది.

"దిగురా," అంది గట్టిగా, అందరికీ వినపడేలా. "నా బండి. మొదటిసారి వాగు దాటేది. నేనే దాటిస్త."

"అక్కా, నీకు రాదు..."

"దిగమన్ననా!"

కాశయ్య దిగాడు. మనుషులు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. "నీకు తోలొచ్చా?" అన్నాడు లక్మా, కనుబొమలెత్తి.

"రాకుండనే కొన్ననా?" అంది సోమమ్మ. ఎడ్లబండి తప్ప ఆమె జన్మలో ఏదీ తోలలేదు.

స్టీరింగు వెనక్కి జరిగి కూర్చుంది. సీటు ఇంకా కాశయ్య ఒంటి వేడితో ఉంది. కాళ్ళ కింద మూడు తొక్కుళ్ళు, ఏది దేనికో గుర్తులేదు. ఒక్కటే తెలుసు, జీవితమంతా డ్రైవర్ల పక్కన కూర్చుని చూసింది కదా. చేతి బ్రేకు వదిలితే పల్లంలోకి బండి దానంతటదే పోతుంది. వదిలింది. బండి ఊగుతూ, గుర్రుమంటూ ఒడ్డు దిగి వాగులోకి జారింది. నీళ్ళు చిమ్మాయి. రెండు బారలు పోయిందో లేదో చక్రాలు మెత్తగా దిగబడి ఆగిపోయాయి, అచ్చం ఆమె అనుకున్నట్టే.

ఇప్పుడు కూరుకుపోయింది. కొన్న మనిషికి తోలడం రాదు, అందుకే కూరుకుపోయింది. తోసి ఒడ్డున పడెయ్యండని లక్మాను బతిమాలుతుంది. కాశయ్య మడమ సంగతి ఎవరికీ గుర్తుకే రాదు. ఒడ్డు మీద లక్మా పక్కన నిలబడ్డ తమ్ముడు తల వంచుకుని ఉన్నాడు. సోమమ్మ ఊపిరి వదిలింది.

నీళ్ళ చప్పుడయింది. మాసే వాగులోకి దిగింది. తొందరేమీ లేకుండా, చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని, బండి పక్కనే నడిచి వచ్చింది. కిటికీ అంచు మీద చెయ్యి వేసింది. ఆ గోళ్ళ సందుల్లో ఇందాక గీకిన తెల్ల రంగు ఇంకా ఉంది. తల లోపలికి పెట్టి ముందు ఆ చిన్న రాడ్డును చూసింది. తర్వాత సోమమ్మ కళ్ళలోకి చూసింది.

ఊరోళ్ళు శానామంది, అన్నాడు లక్మా ఇందాక. మిర్చి తోటలకు తనూ సుక్కా ఇద్దరే పోయామనలేదు.

"మడమతోని రెండు తన్నులక్కా," అంది మాసే, చర్ల తోటల్లో నేర్చుకున్న తెలుగులో, పక్కింటి మనిషితో మాట్లాడినంత మెత్తగా. "నీకు రాకపోతే పిలిచి అడుగు. మన తమ్ముడే గద."